చెప్పు జారిన కాలు, నాలుగు బస్తాల క్రేన్

ఆ రోజు మేం ఆయిల్ ఇంజన్‌ను ట్రాక్టర్ ట్రాలీలోకి ఎక్కిస్తున్నాం. మాది దుమ్ముగూడెం మండలంలో ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి ఉన్న ఊరు. వేసవి మొదట్లో ఏరు వెనక్కి పోతుంది. మిరప చేలకు నీళ్లు తోడాలంటే పొద్దున ఇంజన్‌ను ఒడ్డుకు దింపాలి, చీకటి పడకముందే మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి. పంపుతో కలిపి దాని బరువు మూడు యూరియా బస్తాల కంటే ఎక్కువే ఉంటుంది. ఇనుప ఫ్రేము కింద వెదురు బొంగులు దూర్చి నలుగురు లేపుతారు. అంచుకు ఆనాక ఒకడు ట్రాలీలో నిలబడి, వంగి, చేతులు చాపి లోపలికి లాక్కోవాలి. ఆ ఒకడిని ఎప్పుడూ నేనే. చేతులు పొడుగని నన్ను ఎక్కించేవాళ్లు.

లాగుతుండగా నడుం కింది భాగంలో తడిబట్ట పిండినట్టు ఏదో మెలితిరిగింది. చప్పుడేమీ రాలేదు, నేను కేక కూడా వేయలేదు. ఇంజన్ లోపలికి వచ్చింది. నేను మాత్రం ట్రాలీ దిగలేక కూర్చుండిపోయాను.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి, ఊరి రోడ్డు మీద ట్రాక్టర్ పనిముట్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాను. షెడ్డులో పని లేనప్పుడు మా బావ ముత్తయ్య ట్రాక్టర్ నడిపేవాడిని. చెప్పాల్సిన లక్షణాలు మూడు. ఒకటి, నడుంలో నొప్పి. రెండు, కుడి పిరుదు నుంచి పిక్క దాకా కరెంటు తీగ లాగినట్టు జివ్వుమనడం. మూడు, దగ్గితే రెండూ కలిసి రావడం. ఊళ్లో అందరూ దానికి ఒకే పేరు పెట్టారు: నడుం పట్టింది.

మా వైపు నడుం పడితే దవాఖానా కంటే ముందు ఇంకో వైద్యం ఉంది. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందుగా బయటికి వచ్చిన వాళ్లను ఎదురుకాళ్ల వాళ్లంటాం. పరగడుపున వాళ్లు నడుం మీద కాలు పెట్టి తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం. మా సొంత అక్క సమ్మక్కే ఎదురుకాళ్లతో పుట్టింది. ఆమెను ఊళ్లోనే ముత్తయ్య బావకు ఇచ్చారు, మా పక్కిల్లే. గురువారం, ఆదివారం తెల్లవారేసరికి ఆమె గుమ్మం ముందు అవతలి గూడేల నుంచి వచ్చిన వాళ్లు కూడా కూర్చుని ఉండేవాళ్లు. ఆమె ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు, ఆకూ వక్కా సైతం ముట్టదు. "నీ కాలికి డాక్టరు డిగ్రీ ఇయ్యాలె అక్కా" అని ఏడిపించేవాడిని. నమ్మకం లేని నేను ఆ గురువారం ఆమె వాకిట్లో బోర్లా పడుకున్నాను. నొప్పి అలాంటిది. తొక్కేది అక్క కదా అన్న ధైర్యం కూడా ఉంది.

"ఊపిరి ఇడువు తమ్మీ," అని ఎడమ మడమ పెట్టి మూడుసార్లు అదిమింది.

నిజం నిజంలా చెప్పాలి. నొప్పి తగ్గింది. కాలిలో జివ్వుమనడం దాదాపు పోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు షెడ్డుకు నడుస్తుంటే కుడికాలి కింద మట్టి చల్లగా తగిలింది. చూస్తే చెప్పు లేదు. వెనక బాట మీద పడి ఉంది. అది జారినట్టే నాకు తెలియలేదు. వెళ్లి తొడుక్కుని నడిచాను. కొంచెం దూరం పోగానే మళ్లీ జారింది. ట్రాక్టర్ మీద వస్తున్న బావ చూశాడు.

"ఏంది బామ్మర్దీ, చెప్పు గూడ నీతోని రానంటుందా?"

నేనూ నవ్వాను. నవ్వుతూనే మడ్‌గార్డు మీద కూర్చుని పాదాన్ని పైకి లేపి చూశాను. వేళ్లు కిందికి ఒత్తగలుగుతున్నాను. పైకి మాత్రం రావడం లేదు. ఎడమ పాదానికి చెబితే లేస్తోంది. కుడి పాదానికి నా మాట అందడం లేదు.

మా అందరి పొరపాటు ఇక్కడే జరిగింది. నొప్పి పోయింది కాబట్టి రోగం పోయిందనుకున్నాం. పాదం తిమ్మిరెక్కింది, అదే వస్తుందిలే అనుకుని దాదాపు వారం గడిపేశాం.

భద్రాచలంలో డాక్టరు గారు నన్ను మడమల మీద నడవమన్నారు. ఎడమ మడమ మీద నిలబడగలిగాను, కుడి పాదం చప్పట లాగా నేలకు కొట్టుకుంది. మూత్రం, విరేచనం తెలిసి వస్తున్నాయా అని రెండుసార్లు అడిగారు. వస్తున్నాయన్నాను.

"నొప్పి తగ్గిందని సంతోషపడకు. మొత్తుకునే నరం ఊరుకుందంటే బాగైందని కాదు. ఇది ఫుట్ డ్రాప్, పాదాన్ని పైకి లేపే నరం దెబ్బతింది. ఇవాళే ఖమ్మం బయల్దేరు," అన్నారు.

ఖమ్మంలో న్యూరోసర్జన్ చూసి ఎంఆర్ఐ కోసం విజయవాడ పంపారు. ఫిల్ములు తెచ్చాక లైటు బోర్డుకు పెట్టి పెన్ను కొనతో చూపించారు. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయి. నడుం కింది ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ పూసల మధ్య ఉన్న మెత్త చిరిగి, లోపలి గుజ్జు వెనక్కి వచ్చి నరం మీద కూర్చుంది. దాన్ని డిస్క్ ఎక్స్‌ట్రూజన్ అన్నారు. పాదం బలానికి కూడా ఒక కొలత ఉంది. ఐదంటే పూర్తి బలం. మూడంటే తన బరువు తాను ఎత్తగలదు, అంతే. సున్నా అంటే కదలిక లేదు. నాది వన్ బై ఫైవ్ అని రాశారు. డిప్లొమాలో అంత తక్కువ మార్కులు నాకెప్పుడూ రాలేదు.

మైక్రోడిస్కెక్టమీ, అంటే చిన్న కోతతో ఆ గుజ్జును తీసేసే ఆపరేషన్, చేయాలన్నారు. పాదం లేస్తుందా అని అడిగాను.

"ఆపరేషన్ నరం మీది బరువు దించుతుంది. దించాక నరం లేచి పని చేయాలా వద్దా అనేది దాని ఇష్టం. ప్రామిస్ చేయలేను."

పాదం లేవకపోతే ఏం పోతాయో మనసులో లెక్క వేసుకున్నాను. ట్రాక్టర్ పోతుంది, ఎందుకంటే బ్రేకు కుడికాలిదే. షెడ్డు పోతుంది, అక్కడ రోజంతా నిలబడి, వంగి, ఎత్తి చేసే పనే. ఏటి ఒడ్డు ఇసుకలో నడక పోతుంది. ఆ మూడూ తీసేస్తే నా దగ్గర మిగిలేది డిప్లొమా కాగితం.

ఆపరేషన్ ముందు రోజు వార్డుకు వచ్చిన డాక్టరును అమ్మ ఉండబట్టలేక తొక్కుడు సంగతి అడిగింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "డిస్క్ ముందే చిరిగి ఉండొచ్చు. తొక్కడం వల్లే నరం మీదికి వచ్చిందని చెప్పలేనమ్మా. తొక్కడం వల్ల కాదని కూడా చెప్పలేను." అప్పుడే టిఫిన్ క్యారియర్‌తో గుమ్మం దగ్గరికి వచ్చిన అక్క ఆ మాట విన్నది. క్యారియర్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నడుం నొప్పి నిజంగానే పోయింది. పాదం మాత్రం అలాగే ఉంది. మోకాలి కింది నుంచి వేళ్ల దాకా వచ్చే ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చి, దాని మీద బూటు వేసుకుని నడవమన్నారు. ఇంటికి వచ్చాక పాదానికి కరెంటు పెట్టించుకోవడానికీ, వ్యాయామం నేర్చుకోవడానికీ వారానికి రెండుసార్లు భద్రాచలం వెళ్లేవాడిని. అక్కడి ఫిజియోథెరపిస్టు మేడం మొదటి రోజే నాకు ఒక బిందె ఇచ్చారు, సగం నీళ్లతో. పొట్టకు ఆనించి పట్టుకోమన్నారు. తర్వాత చేతులు చాపి పట్టుకోమన్నారు, కానీ చాపబోతుంటే ఆపేశారు.

"చాలు, అర్థమైంది కదా. బిందె అదే, నడుం మీద బరువు అది కాదు. మీ ట్రాలీకి ఇన్నాళ్లూ నువ్వే క్రేన్‌వి. ఇక ఆ ఉద్యోగానికి ఇంకొకరిని చూసుకో."

క్రేన్ చెయ్యి ఎంత పొడుగైతే అది స్తంభానికి అతుక్కున్న మొదలు దగ్గర అంత ఒత్తిడి. ఆ లెక్క నేను పరీక్షల్లో ఎన్నోసార్లు చేశాను. ఉక్కు దూలానికి చేశాను కానీ నా వెన్నుకు ఎప్పుడూ చేసుకోలేదు. బస్సులో ఇంటికి వస్తూ ఆలోచించాను. నా స్థానంలో ఇంకొక మనిషిని నిలబెడితే ఇంకొక నడుం పోతుంది. నిలబెట్టాల్సింది ఇనుమును.

ఇంట్లో ఇంకో సంగతి జరుగుతోంది. అక్క మా గుమ్మం తొక్కడం మానేసింది. కూర, పెరుగు బావతో పంపేది. నడుం పట్టిందని వచ్చిన వాళ్లతో తన కాలికి బలం పోయిందని చెప్పి పంపేసేది. మేడం చెప్పిన వ్యాయామంలో పాదం పైకి లేపే ప్రయత్నం చేస్తుంటే ఎవరో ఒకరు వేళ్ల మీద తేలిగ్గా చెయ్యి ఆనించాలి. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద కూర్చోలేదు. నేనే స్ప్లింట్ కట్టుకుని అక్క ఇంటికి వెళ్లాను.

విషయం చెబితే తల అడ్డంగా ఊపింది. "నేను నిన్ను ముట్టుకోను తమ్మీ. ముట్టుకున్నది చాలు."

"కాలు వద్దన్న. చెయ్యి పెట్టు," అన్నాను.

బావ నవ్వబోయి ఆగిపోయాడు. అక్క చాలాసేపు నా పాదాన్ని చూసింది. కొంగుతో చేతులు తుడుచుకుని కింద కూర్చుంది.

ఆ రోజు నుంచి ఉదయం, సాయంత్రం వచ్చేది. ఏమీ కదలని పాదం మీద చెయ్యి ఆనించి కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. ఆమె అటూ ఇటూ చూసేది కాదు, నా బొటనవేలు మీదే చూపు. నేనేమో ట్రాలీకి బిగించాలని గీస్తున్న క్రేన్ గీతలు చూసుకుంటూ, పాదం గురించి ఆలోచించకుండా తప్పించుకునేవాడిని.

క్రేన్ ఇలా అనుకున్నాను. ట్రాలీ ముందు మూలన నాలుగంగుళాల ఇనుప పైపు స్తంభం. దాన్ని పలుచటి రేకు తలుపుకు కాకుండా అడుగున బరువంతా మోసే ఇనుప దూలానికి, ఛాసీ ఛానల్‌కు, బోల్టులతో బిగించాలి. స్తంభం పైన ఐదడుగుల చెయ్యి, దాని కింద వాలు ఊత. చేతి చివర చైన్ పుల్లీ. ఇంజన్‌ను కొక్కేనికి తగిలించి, గొలుసు లాగితే లేస్తుంది. చెయ్యి తిప్పితే ట్రాలీలోకి వస్తుంది, గొలుసు రెండో వైపు లాగితే దిగుతుంది. మనిషి వంగేది లేదు, చేతులు చాపేది లేదు.

నేను వంగి వెల్డింగ్ చేయకూడదు. భద్రాచలంలో ఖాసిం భాయ్ దగ్గర చేయించాను. వాళ్ల తాతల కాలం నుంచి ఇనుప పని చేసే కుటుంబం. ఒక అతుకు మీద రెండో వరస వేస్తుంటే, లెక్క ప్రకారం ఒకటి సరిపోతుందని అన్నాను.

"సరిపోతది బాబూ. గానీ దీని పక్కన నిలబడేది నీ లెక్క కాదు గద, మీ బావ. మనిషి జర లావుంటడు," అన్నాడు.

మొదటి పరీక్ష మా వాకిట్లో. ముందు రోజు వాన పడి నేల మెత్తగా ఉంది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. కొక్కేనికి ఇసుక బస్తాలు తగిలించి లేపగానే ట్రాలీ ఆ పక్క చక్రం కూరుకుని ఒరిగింది. వెంటనే బావ, ఇంకో ఇద్దరు చెంగున ట్రాలీ అవతలి అంచు మీదికి ఎక్కి కూర్చున్నారు. మా దగ్గర ఇది మామూలే. వెదురు లోడు ఎక్కువై ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తే బంపర్ మీద ఇద్దరిని కూర్చోబెట్టి నడుపుతాం. బరువు తక్కువైన చోట మనుషులే బరువు. వాళ్లు కూర్చోవడంతో ట్రాలీ ఒక్క ఊపు ఊగింది. క్రేన్ చెయ్యి వాలుకు తనంతట తానే తిరిగి, బస్తాలు నా వైపు వచ్చాయి. నేను పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. రెండు చేతులూ చాపి బస్తాను ఆపబోయాను.

నడుంలో పాత చోటే మెలిపడింది.

మళ్లీ మంచం, మళ్లీ ఖమ్మం, మళ్లీ ఎంఆర్ఐ. ఆ రిపోర్టు వచ్చేదాకా అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. డిస్క్ మళ్లీ జారలేదు, కండరం పట్టిందంతే. డాక్టరు నన్ను కోప్పడలేదు. "బరువు పడుతుంటే పట్టుకోబోవడం మీ అందరికీ అలవాటు. పడేదాన్ని పడనివ్వడం నేర్చుకో," అన్నారు.

పడుకుని ఉన్నన్నాళ్లూ ఆ మాటే పట్టుకుని క్రేన్‌ను మళ్లీ గీశాను. మొదట మార్చింది నేలను. ట్రాలీ మూల కింద ఒక ఊతకాలు, దాని అడుగున వెడల్పు పలక. అది దిగనిదే బరువు లేపకూడదు. రెండోది, చెయ్యి తనంతట తిరగకుండా స్తంభానికి రంధ్రాలు, వాటిలో దూర్చే లాకు పిన్ను. కొక్కెం నోట్లోంచి తాడు జారిపోకుండా అడ్డం పడే ఇనుప నాలుక. చేతిని మనిషి పట్టుకుని తిప్పకుండా, దూరం నుంచి లాగేందుకు చివర ఒక పొడవాటి తాడు. ఇవన్నీ ఇనుముతో అయ్యే పనులు. మనుషుల అలవాటుకు ఏం బిగించాలో తెలియక అందరినీ కూర్చోబెట్టి చెప్పాను: ట్రాలీ ఒరిగితే ఎవరూ ఎక్కొద్దు, బరువు దించేయాలి. బరువు ఊగితే పట్టుకోవద్దు, దూరం జరగాలి. వేలాడే బరువు కింద కాలు కూడా పెట్టొద్దు.

"గట్లయితే ఇగ మేం జేసే పనేముంది?" అన్నాడు బావ.

"చూసుడు," అంది అక్క.

ఈ మాటలు అయిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం వ్యాయామంలో ఉన్నాం. నేను గీతలు చూసుకుంటున్నాను. అక్క చెయ్యి నా వేళ్ల మీద ఉంది.

"తమ్మీ, మళ్ల జెయ్యి," అంది.

"ఏంది?"

"ఇప్పుడు జేసినవ్ గద, అదే మళ్ల జెయ్యి."

నేనేం చేశానో నాకే తెలియదు. మళ్లీ ప్రయత్నించాను. ఈసారి ఇద్దరం చూశాం. బొటనవేలు గోరు వెడల్పంత లేచి పడిపోయింది. అక్క చెయ్యి తీయలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు నా పాదం మీద పడ్డాయి. ఆ తడి నాకు తెలిసింది. పాదం పైభాగంలో అప్పటిదాకా స్పర్శ సరిగా లేదు.

కొత్త క్రేన్‌ను గట్టి నేల మీద పరీక్షించాం. ఊతకాలు దింపి, పిన్ను వేసి, ఐదు యూరియా బస్తాల బరువు ఇసుకను జానెడు ఎత్తుకు లేపి, అందరం దూరంగా పోయి అన్నాలు తిన్నాం. తిని వచ్చాక ప్రతి అతుకునూ, ప్రతి బోల్టునూ చూశాను. ఏదీ కదల్లేదు. ఐదుకు నిలిచింది కాబట్టి స్తంభం మీద నాలుగు బస్తాల బొమ్మ వేయించాను. చదువు రాని వాళ్లకూ అర్థం కావాలని అంకె రాయించలేదు. చేతి మొదట్లో తగిలిస్తే ఇంకా ఎక్కువ మోస్తుందని నాకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మొదట్లో ఎనిమిది అని తెలిస్తే, చివర కూడా ఎనిమిదే తగిలిస్తారు.

మొదటిసారి ఆయిల్ ఇంజన్ లేపేటప్పుడు గొలుసు అక్క చేతికి ఇచ్చాను. నలుగురు మగవాళ్లు బొంగులు వేసి లేపే ఇంజన్, ఆమె ఒక చేత్తో లాగుతుంటే గొలుసు చిటచిటమంటూ మెల్లగా పైకి వచ్చింది.

"గింతేనా?" అంది నా వైపు తిరిగి.

ఇదంతా జరిగి మూడేళ్లు దాటింది. నా పాదం ఇప్పుడు ఫోర్ బై ఫైవ్ దగ్గర ఉంది. ఐదు కాకపోవచ్చని డాక్టరు ముందే చెప్పారు. స్ప్లింట్ తీసేశాను. ట్రాక్టర్ నడుపుతాను, దూరాలు పోను. సాయంత్రం అలసిపోతే కుడి పాదం కొంచెం నేల రాస్తుంది. అందుకే వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకుంటాను. షెడ్డులో బరువులన్నీ క్రేనే ఎత్తుతుంది. పక్క ఊళ్ల వాళ్లకు అలాంటివే ఇంకో రెండు చేసి ఇచ్చాను, నాలుగు బస్తాల బొమ్మతో సహా.

అక్క గుమ్మం ముందు గురువారం, ఆదివారం మళ్లీ జనం కూర్చుంటున్నారు. ఎంత వద్దన్నా వాళ్లు వస్తారు. మొన్న ఆదివారం ఇసుక లోడింగుకు పోయే ఒకాయన నడుం పట్టుకుని వచ్చి, అలవాటుగా బోర్లా పడుకోబోయాడు.

"పండకు. ముందు కూసో," అంది అక్క. "కాళ్లు చాపి బొటనవేళ్లు నీ వైపు లేపు. రెండూ. నేను వేలు పెట్టి ఒత్తుతున్న, పడిపోకుండ లేపి పట్టు."

"నడుం నొస్తుందంటే కాళ్లు జూస్తవేందక్కా?" అన్నాడతను.

"నువ్వు లేపు, చెప్త."

రెండూ లేచాయి. మడమల మీద నాలుగడుగులు నడిపించింది. ఒంటికి, రెంటికి తెలిసి పోతున్నావా అని మొహమాటం లేకుండా అడిగింది. అప్పుడు పడుకోమని, నడుం మీద పాదం ఉత్తగా ఆనించి తీసేసింది.

"తొక్కవా?" అన్నాడు.

"తాకుడే. తొక్కుడు బంద్ జేసిన. బరువులు ఎత్తకు, రెండు రోజులకు తగ్గకుంటే దవాఖానాకు పో."

ఒకసారి ఒకామెకు వేలు లేవలేదు. నొప్పి తగ్గిపోయిందనీ, ఊరికే మొక్కు తీర్చుకోవడానికి వచ్చాననీ అంది. అక్క ఆమెను లేవనివ్వలేదు. బావను నిద్ర లేపి, ట్రాలీ విప్పించి, ఆమెను బండి మీద కూర్చోబెట్టి భద్రాచలం పంపించింది.

నాలాగా నడుం పట్టిన వాళ్లకు నేను చెప్పేది కూడా ఆ పరీక్షే. నొప్పి ఎంత ఉందని కాదు, బొటనవేలు లేస్తుందా అని చూసుకోండి. లేవకపోతే, మూత్రం తెలియకుండా పోతుంటే, లేదా చెప్పు మీకు తెలియకుండా జారిపోతుంటే, నొప్పి లేకపోయినా సరే ఆ పూటే దవాఖానాకు బయల్దేరండి. జారిన చెప్పును వెనక్కి వెళ్లి తొడుక్కుని నవ్వుకుంటూ ముందుకు నడవకండి. నేను అలా నడిచిన వారమే నా పాదంలో ఇంకా తిరిగిరాని ఆ ఐదో మార్కు.